బావినీరు – భూగర్భవాయువు : ఆసిఫాబాదు ప్రాంతపు సమస్య

నేలపైనున్న చెరువు చెడినచో కంటికి కనబడును. రంగు మారును, నాచు పట్టును, చేపలు చచ్చి తేలును. నేలలోపలి నీరు చెడినచో అట్టి గుర్తులు కానరావు. చేదబావిలో నీరు నిన్నటివలెనే తేటగా నుండును. బోరింగు కొట్టినచో నిన్నటివలెనే ధార వచ్చును. చెడిన సంగతి తెలియుటకే ఏండ్లు పట్టవచ్చును. తెలిసిన పిదప దానిని బాగుచేయుటకు అంతకు మించిన కాలము పట్టును. భూగర్భజలము నదివలె పరుగెత్తదు. ఇసుకరేణువుల నడుమను, రాతి నెఱ్ఱెలలోను మెల్లమెల్లగా ఇంకుచు సాగును. చాలచోట్ల దాని నడక సంవత్సరమునకు కొన్ని మీటర్లు మాత్రమే. కనుక నేడు ఒకచోట చేరిన మాలిన్యము పది సంవత్సరములకు గాని ప్రక్క ఊరి బావికి చేరకపోవచ్చును. అప్పటికి దాని కారకులెవరో చెప్పగలవా రుండరు.

ఈ విషయమును ఆసిఫాబాదు ప్రాంతమునకు అన్వయించి మా శ్రోతలకు వివరింప దలచితిమి. ఇది బొగ్గునేల. బొగ్గుతోపాటు నేలలో వాయువు నుండుట సహజము. బొగ్గుపొరల వాయువును, షేల్ అను రాతిపొరల వాయువును వెలికి తీయవచ్చునన్న ఆలోచన ఇటీవలి దశాబ్దములలో మన దేశమున బలపడినది. బొగ్గుపొరల మీథేన్ అన్వేషణకై ప్రభుత్వము వేలమునకు పెట్టిన క్షేత్రములలో గోదావరి లోయ భాగములు కూడ నుండెను. 2011 జనవరిలో పశ్చిమ బెంగాలున దుర్గాపురము సమీపమందలి ఇచ్ఛాపురము వద్ద ఓ.ఎన్.జి.సి. త్రవ్విన బావిలో సుమారు 1,700 మీటర్ల లోతునుండి షేల్ వాయువు వెలువడినది. అచ్చటి దామోదర లోయయు, మన ప్రాణహిత–గోదావరి లోయయు ఒకే గోండ్వానా శిలాశ్రేణికి చెందినవి. 2013 అక్టోబరులో షేల్ అన్వేషణకు కేంద్ర ప్రభుత్వము ప్రత్యేక విధానమును ప్రకటించినది. 2018 ఆగస్టులో ఇతర ఒప్పందదారులకును అవకాశము కల్పించినది. అయినను ఇంతవరకు భారతదేశమున ఎచ్చటను షేల్ వాయువు వాణిజ్యసరళిలో ఉత్పత్తి కాలేదు. ఆసిఫాబాదు ప్రాంతమునను కాలేదు.

కాలేదు గదా, ఇప్పుడే నీటిని గూర్చి చింత యెందుకని కొందరు ప్రశ్నింపవచ్చును. కాకముందే చింతింపవలెనని మా మనవి. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వబూనుట ఎట్టిదో, వాయువుబావి త్రవ్విన పిదప మంచినీటి పరీక్షకు పూనుకొనుట అట్టిది. మొదటి పరీక్ష చేయవలసిన సమయము ఒక్కసారియే వచ్చును. అది గడచిన పిదప ఎంత ధనము వెచ్చించినను తిరిగి రాదు.

షేల్ అనగా నేమి?

సుమారు 30 కోట్ల సంవత్సరములకు పూర్వమునుండి ఈ లోయలో నదులు, సరస్సులు ఇసుకను, బురదను, అడవుల చెత్తను తెచ్చి పేర్చినవి. ఇసుక ఇసుకరాయి యైనది, చెట్టుచేమలు బొగ్గైనవి, మెత్తని నల్లబురద పొరలుపొరలుగా గట్టిపడి షేల్ అయినది. ఈ లోయ శిలలను భారత భూగర్భ పరిశోధక శాఖకు చెందిన విలియం కింగు పరిశీలించి 1881లో విపులమైన గ్రంథమును ప్రకటించెను. ఆసిఫాబాదు ప్రాంతపు మలేరి గ్రామము పేర మలేరి శ్రేణియు, ప్రాణహిత ఒడ్డునున్న కోటా గ్రామము పేర కోటా శ్రేణియు భూగర్భశాస్త్రమున ప్రసిద్ధములు. కోటా శ్రేణిలో బయల్పడిన రాక్షసబల్లుల అస్థిపంజరములను మా శ్రోతలలో పలువురు హైదరాబాదు బిర్లా మ్యూజియములో చూచియుందురు. ఈ పొరలకు లోతున బరాకరు శ్రేణిలో బొగ్గును, బొగ్గు సాంగత్యమున నల్లని షేల్ పొరలును కలవు.

ఇసుకరాతిలో రంధ్రములు ఒకదానితో నొకటి కలిసియుండును గనుక నీరైనను వాయువైనను కదలగలదు. షేల్‌లో రంధ్రము లతిసూక్ష్మములు; వాయువు అందే చిక్కుకొని యుండును. దానిని వెలికి దీయుటకు లోతుగా బావి త్రవ్వి, షేల్ పొర తగిలినచోట దానిని అడ్డముగా మరల్చి, నీటిని మిక్కిలి పీడనముతో లోనికి పంపి రాతిని చిట్లింతురు. చిట్లిన సందులు తిరిగి మూసుకొనకుండ నీటితోపాటు ఇసుకను పంపుదురు. ఆ నీటిలో కొలదిపాటి రసాయనములును కలియును. ఒక్కొక్క బావికి సుమారు 50 లక్షల లీటర్లనుండి 2 కోట్ల లీటర్ల వరకు, కొన్నిచోట్ల అంతకు మించియు, నీరు కావలెను. ఒక కోటి లీటర్లనగా, మనిషికి దినమునకు 100 లీటర్ల లెక్కన, వేయిమంది గల ఊరికి నూరు దినముల నీరు. ఎండకాలమున చెలిమెలు తీసి నీరు తోడుకొను గూడెములున్న ప్రాంతమున ఈ లెక్క చిన్నది కాదు.

లోనికి పంపిన నీటిలో కొంత తిరిగి పైకి వచ్చును. వచ్చునప్పుడు లోతు రాళ్ళలోని లవణములను, బేరియము, స్ట్రాన్షియము వంటి లోహములను, కొన్నిచోట్ల రేడియమును కూడ తెచ్చును. అమెరికాలోని మార్సెలస్ షేల్ నుండి వచ్చు నీటిలో లీటరునకు 2,00,000 మిల్లీగ్రాములకు మించిన లవణములు కానవచ్చినవి. సముద్రపు నీటిలో నుండునవి సుమారు 35,000 మాత్రమే. మన గోండ్వానా పొరలు ప్రధానముగా నదుల వలనను సరస్సుల వలనను ఏర్పడినవి. కావున పరదేశపు అంకెలను ఇచ్చటికి యథాతథముగా తెచ్చి భయపడుటయు, భయము లేదనుటయు రెండును తగవు. ఇచ్చటి లోతునీటిని ఇచ్చటనే పరీక్షింపవలెను.

చెడు ఏ దారిన చేరును?

పరీక్ష ఎచ్చట చేయవలెనో తెలియుటకు మాలిన్యము ఏ దారిన చేరునో తెలియవలెను. ముఖ్యముగా నాలుగు దారులు కలవు. మొదటిది వాయువుబావి గోడ. బావిలో ఉక్కుగొట్టములు దింపి, గొట్టమునకును రాతికిని నడుమ సిమెంటు నింపుదురు. ఆ సిమెంటు సరిగా పట్టకున్నను, కాలక్రమమున పగిలినను, వాయువు ఆ సందున పైకి ప్రాకి మంచినీటి పొరలలో చేరును. రెండవది నేలపైని చిందుట: తిరిగివచ్చిన నీటిని నిలువచేయు గుంటలు కారుట, లారీలు ఒలుకుట. మూడవది ఆ నీటిని శుద్ధి చేయక వాగులలో వదలుట. నాలుగవది పాత రంధ్రములు.

ఈ నాలుగవ దారి బొగ్గునేలలో మిక్కిలి గమనింపదగినది. బొగ్గు ఎంత లోతున, ఎంత మందమున నున్నదో తెలియుటకు ఈ లోయ పొడవునను దశాబ్దములుగా అన్వేషక బోరులు వేసియున్నారు. బోరు తన పని తీరిన పిదప అడుగునుండి పైవరకు సరిగా పూడ్చబడనిచో లోతుపొరకును పైపొరకును నడుమ నిలిచిన గొట్టమే యగును. దీనికి దృష్టాంతమును మనము వెదకనక్కరలేదు. భద్రాద్రి కొత్తగూడెము జిల్లా మణుగూరు ప్రాంతమందలి పగిడేరు వద్ద బొగ్గుకై వేసిన బోరునుండి వేడినీరు తనంతతానే పైకి ఉబుకుచున్నది. అచ్చట ఆ నీటివలన కీడు కలిగినదని మా అభిప్రాయము కాదు. ఆ వేడిమితో సింగరేణి సంస్థ ప్రయోగాత్మకముగా విద్యుత్తును కూడ తీసినది. లోతునీటికి దారి దొరికినచో అది పైకి రాగలదని చెప్పుటకే ఈ దృష్టాంతము. కావున నీటిపరీక్షకు ముందు చేయవలసిన పని ఒకటి కలదు: పాత బోరు లెన్ని, ఎచ్చట, ఎంత లోతున, పూడ్చినారా లేదా అను పట్టికను సిద్ధపరచుట.

బొగ్గుపొరల మీథేనుకు మరియొక విశేషము కలదు. బొగ్గునంటియున్న వాయువు విడివడుటకు ముందుగా అందలి నీటిని తోడివేయవలెను. బొగ్గుగనులలో సైతము పని సాగుటకు రేయింబవళ్ళు నీటిని తోడుచుందురు. గోలేటి, ఖైరిగూడ పరిసరముల వంటి గనిప్రాంతములలో బావినీటి మట్టము తగ్గినదన్నచో అందులో ఎంత గనివలన, ఎంత వర్షాభావమువలన, ఎంత పత్తిచేల బోరులవలన అని విడదీయవలసి యుండును. నీటిమట్టము తగ్గినచో నీటి గుణమును మారును. కనుక గుణపరీక్ష చేయునప్పుడెల్ల మట్టమును కూడ కొలిచి వ్రాయవలెను.

పరదేశముల అనుభవము

అమెరికాలో పెన్సిల్వేనియా, న్యూయార్కు రాష్ట్రముల బావులను డ్యూక్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2011లో ఫలితములు ప్రకటించిరి. మీథేనుకై పరీక్షించిన 60 త్రాగునీటి బావులలో 51 బావులందు ఆ వాయువు కానవచ్చినది. వాయువుబావులు పనిచేయుచున్న చోట్ల అది సగటున లీటరునకు 19.2 మిల్లీగ్రాములు, పనిచేయని చోట్ల 1.1 మిల్లీగ్రాములు. అయితే చిట్లించుటకు వాడిన ద్రవము గాని, లోతు ఉప్పునీరు గాని ఆ బావులలో చేరినట్లు వారికి ఆధారము దొరకలేదు. 2014లో వెలువడిన మరియొక పరిశోధన, చెడిన బావులను పరిశీలించి, దోషము ప్రధానముగా రాతిని చిట్లించుటలో కాక సిమెంటు, గొట్టముల లోపములలో నున్నదని తేల్చినది. 2016లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ తన తుది నివేదికలో, ఈ పనులు కొన్ని పరిస్థితులలో త్రాగునీటి వనరులకు హాని చేయగలవని చెప్పినది. ఎంత తరచుగా హాని జరుగుచున్నదో దేశమంతటికి లెక్కగట్టుటకు తగిన సమాచారము లేదనియు ఆ నివేదికయే చెప్పినది. సమాచార మేల లేదు? చాలచోట్ల త్రవ్వకమునకు ముందు నీటిని పరీక్షింపలేదు గనుక.

ఈ కొరతనుండి కొన్ని రాష్ట్రములు పాఠము నేర్చుకొనినవి. కొలరాడోలో 2013నుండి అమలైన నిబంధన ప్రకారము, బావి త్రవ్వుటకు ముందు అర మైలు లోపల నాలుగు నీటివనరుల వరకు పరీక్షింపవలసి యుండెను. త్రవ్విన 6నుండి 12 నెలలలోపల ఒకసారియు, 60నుండి 72 నెలలలోపల మరియొకసారియు తిరిగి పరీక్షింపవలసి యుండెను. పెన్సిల్వేనియా 2012 చట్టము ఇంకొక అడుగు ముందుకు వేసినది. షేల్ వాయువుబావికి 2,500 అడుగుల లోపల, 12 నెలల లోపల మంచినీరు చెడినచో దోషము కంపెనీదేయని చట్టము భావించును. కాదని నిరూపించుకొనవలసిన భారము కంపెనీపై నుండును. ముందుగా చేయించిన పరీక్షాఫలితమే కంపెనీకి రక్ష. కావున ఎవరును బలవంతపెట్టకయే కంపెనీలు ముందుగా పరీక్షలు చేయించును.

ఇంగ్లండులో బ్రిటిష్ భూగర్భ పరిశోధక సంస్థ యార్కుషైరు, లాంకషైరు ప్రాంతములలో పని మొదలు కాకమునుపే నీటిని పరీక్షించినది. యార్కుషైరులోని పికరింగు లోయలో కొన్ని బావులందు, షేల్ త్రవ్వకము లేకయే, మీథేన్ కానవచ్చినది. ఆ పరీక్ష జరుగకయుండిన, తరువాత వచ్చిన కంపెనీపై అకారణముగా నింద పడియుండెడిది. మొదటి పరీక్ష గ్రామమునకు ఎట్లు సాక్ష్యమో, నిర్దోషియైన కంపెనీకిని అట్లే సాక్ష్యము.

మన నేలలో ఏమి చూడవలెను?

ఆసిఫాబాదు పరిసరముల నేల ఒక్క తీరున లేదు. పడమట కెరమెరి, జైనూరు, సిర్పూరు మెట్టలపై నల్లని బసాల్టు రాయి కలదు. తూర్పున రెబ్బెన, కాగజ్‌నగరు వైపున గోండ్వానా ఇసుకరాళ్ళును బంకమట్టి పొరలును కలవు. రాయిని బట్టి నీటి గుణ ముండును. బసాల్టునీటిలో కాల్షియము, మెగ్నీషియము హెచ్చుగా నుండి నీరు కఠినమగును: పప్పు ఉడుకదు, సబ్బు నురగ రాదు. ఇనుము గల నీరు బిందెలో నిలిచినచో ఎఱ్ఱని మడ్డి కట్టును. ఈ గుణములను మన స్త్రీలు ప్రయోగశాల లేకయే ఎరుగుదురు. అయితే మీథేనుకు రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. ఫ్లోరైడునకును అంతియే, 1937లో నాటి నెల్లూరు జిల్లాలో శాస్త్రజ్ఞులు గుర్తించువరకు అది ఎన్ని తరముల ఎముకలను వంచినదో తెలుగువారు మరువరాదు.

త్రాగునీటికి భారత ప్రమాణ సంస్థ 2012లో సవరించిన కొలతలు కలవు. లీటరు నీటిలో కరిగిన లవణములు 500 మిల్లీగ్రాములలోపు నుండుట మేలు. వేరు గతి లేనిచో 2,000 వరకు సహింపవచ్చును. క్లోరైడు 250, గతి లేనిచో 1,000. సల్ఫేటు 200, గతి లేనిచో 400. ఫ్లోరైడు 1, గతి లేనిచో 1.5. నైట్రేటు 45ను, బేరియము 0.7ను మించరాదు. ఈ జాబితాలో మీథేనుకు హద్దు లేదు. త్రాగినందువలన అది విషము కాదు. కాని మూసియున్న పంపుగదిలో చేరి గాలిలో 5నుండి 15 శాతము వరకు నున్నప్పుడు నిప్పురవ్వ తగిలినచో ప్రేలును. సేఫ్టీ దీపపు జ్వాలపై నీలిరంగు చూచి గనివాయువును పసిగట్టుట సింగరేణి కార్మికులకు తరతరముల విద్య. అమెరికా నిపుణులు లీటరు నీటిలో 10 మిల్లీగ్రాములు దాటిన జాగ్రత్త పడవలెననియు, 28 దాటిన వెంటనే చర్య తీసికొనవలెననియు నిర్ణయించిరి.

ఇక చెడినదన్నచో ఎవరి వలన చెడినదని తెలియుట ఎట్లు? ఒక్క గుర్తుతో దొంగను పట్టరాదు. క్లోరైడు పెరిగినదనుకొందము. దానితోపాటు నైట్రేటును పెరిగినచో ఎరువులపైనను మరుగుగుంటలపైనను అనుమాన ముండవలెను. నైట్రేటు పెరుగక, క్లోరైడుతో బ్రోమైడు, బేరియము, స్ట్రాన్షియము పెరిగినచో లోతు ఉప్పునీటిపై అనుమాన ముండవలెను. సల్ఫేటును ఇనుమును పెరిగి నీరు పుల్లబారినచో బొగ్గులోని గంధకపు ఖనిజము గాలి సోకి కరగినదని, అనగా గనినీరని, ఊహింపవలెను. సల్ఫేటు హెచ్చుగానున్న నీటిలో బేరియము నిలువదు. రెండును కలిసి అడుగున పేరుకొనును. కావున ఈ రెంటిని జతగా చూచుట అవసరము.

మీథేన్ జన్మస్థానమును తెలిసికొనుట ఇంకను సూక్ష్మమైన పని. చిత్తడినేలలోను లోతు తక్కువ పొరలలోను సూక్ష్మజీవుల వలన పుట్టిన మీథేనులో బరువైన కర్బనపు పాలు మిక్కిలి తక్కువ. లోతున వేడిమివలన పుట్టినదానిలో అది ఎక్కువ. వేడిమివలన పుట్టినదానిలో ఈథేను వాయువు కూడ కలిసియుండును. సూక్ష్మజీవుల దానిలో అది దాదాపు శూన్యము. అయితే బొగ్గుపొరలోని వాయువు కూడ వేడిమివలన పుట్టినది కావచ్చును గనుక, ఆసిఫాబాదు వంటి చోట ఈథేను కానవచ్చినంతమాత్రమున షేల్ బావిదేయని తీర్పు చెప్పరాదు. బొగ్గుపొరల వాయువును, షేల్ వాయువును, బావుల వాయువును మూడింటిని ముందే పరీక్షించి ప్రక్కప్రక్కన పెట్టి పోల్చవలెను.

నమూనా తీయు పద్ధతి

ప్రయోగశాల ఎంత గొప్పదైనను, సీసాలో పట్టిన నీరు సరియైనది కానిచో ఫలితము సున్న. బోరుగొట్టములో నిలిచియున్న నీరు నేలలోని నీరు కాదు. గొట్టములోని నీటికి మూడింతల నీటిని తోడివేసి, ఉష్ణోగ్రత, ఆమ్లగుణము, విద్యుద్వాహకత మూడును నిలకడకు వచ్చిన పిదప నమూనా పట్టవలెను. ఈ మూడింటిని బావివద్దనే కొలిచి వ్రాసికొనవలెను. దారిలో మారిపోవును గనుక. లోహముల పరీక్షకు పట్టిన నీటిని వడగట్టి కొలదిగా నైట్రికామ్లము కలుపవలెను. లేనిచో ఇనుము వంటివి సీసా గోడల కంటుకొనును. మీథేనుకు పట్టు సీసాలో గాలిబుడగ యొక్కటియు నుండరాదు. బకెట్టులో పట్టి సీసాలో పోసినచో వాయువు దారిలోనే ఎగిరిపోవును. నీటిలో మీథేన్ లేదని కాగితముపై వచ్చును. నమూనాలను మంచులో నుంచి చేరవేయవలెను. పది సీసాలకు ఒకటి చొప్పున అదే బావి నీటిని మరియొక పేరుతో పంపి, ప్రయోగశాల లెక్క నిలకడను పరీక్షింపవలెను.

ఫలితములు వచ్చిన పిదప చూడవలసిన లెక్క యొకటి కలదు. నీటిలోని ధనావేశ కణముల మొత్తమును, ఋణావేశ కణముల మొత్తమును వ్యాపారి జమాఖర్చువలె సరితూగవలెను. తేడా 5 శాతము దాటినచో ఏదో కొలత తప్పినదన్నమాట. ఆ నమూనాను తిరిగి పరీక్షింపవలెను. ఈ ఒక్క లెక్కను అడిగి చూచినచో మంచి నివేదిక ఏదో, మొక్కుబడి నివేదిక ఏదో చదువుకొనిన ఏ యువకుడైనను చెప్పగలడు.

కాలనిర్ణయమును ముఖ్యమే. వానకు ముందు నీరు చిక్కబడి లవణము లెక్కువగా నుండును. వాన పిదప పలుచబడును. ఒక మే నెలలో తీసిన నమూనాను మరియొక నవంబరు నమూనాతో పోల్చి నీరు బాగుపడినదనుట పొరపాటు. మే నెలను మే నెలతోను, నవంబరును నవంబరుతోను పోల్చవలెను. కేంద్ర భూగర్భజల మండలి తన పరిశీలక బావుల మట్టమును సంవత్సరమునకు నాలుగుసార్లు కొలుచును. నీటి గుణమును ఎండకాలమున పరీక్షించును. ఆ బావులు చాల దూరదూరముగ నుండును. వాటి లెక్క దేశమునకు చాలును గాని ఒక గూడెపు బావికి చాలదు. వాయువుబావి రానున్న చోట కనీసము రెండు వర్షర్తువుల ముందునుండి, నీటివాలుకు ఎగువ బావులను, దిగువ బావులను, దూరపు బావులను కలిపి పరీక్షింపవలెను. ఎగువ బావి మారక దిగువ బావియే మారినచో ఆ మార్పునకు అర్థముండును. రెండును సమముగా మారినచో అది కాలధర్మము కావచ్చును.

గ్రామము వంతు

ఇంత సూక్ష్మమైన పనిలో గ్రామస్థులకు పాత్ర యేమని అడుగవచ్చును. చాల గలదు. 2019లో మొదలైన జల జీవన మిషను క్రింద ప్రతి గ్రామమున ఐదుగురు స్త్రీలకు నీటిపరీక్ష పెట్టెను వాడుట నేర్పవలెనని నిర్ణయమైనది. ఆ పెట్టె ఆమ్లగుణమును, కాఠిన్యమును, క్లోరైడును, ఫ్లోరైడును, నైట్రేటును, ఇనుమును చూపగలదు. మీథేనును, బేరియమును, బెంజీనును చూపలేదు. ఈ భేదము తెలిసి వాడినచో పెట్టె మంచి కాపలాదారు: క్లోరైడు అకస్మాత్తుగా పెరిగినదని అది చూపినచో పెద్ద ప్రయోగశాలకు నమూనా పంపవలసిన సమయము వచ్చినదన్నమాట. పెట్టె బాగున్నదన్నంతమాత్రమున నీరు నిర్దోషమని మాత్రము నమ్మరాదు.

మిషన్ భగీరథ నల్లానీరు ఇంటికి వచ్చుచున్నది గదా, బావితో పనియేమని తలచుటయు సరికాదు. పైపు పగిలిననాడు, విద్యుత్తు నిలిచిననాడు గూడెము తిరిగి బావికే పోవును. పశువులు, కూరపాదులు, పత్తిచేలు నిత్యము భూగర్భజలముపైననే ఆధారపడియున్నవి. వాగులలో ఎండకాలపు సన్నని ధార సైతము నేలలోనుండి ఊరివచ్చినదే.

ఆసిఫాబాదు జిల్లాలో పెక్కు గ్రామములు షెడ్యూల్డు ప్రాంతమునకు చెందినవి. అట్టి ప్రాంతములలో ఉమ్మడి వనరులను కాపాడుకొను సామర్థ్యము గ్రామసభకు కలదని 1996 నాటి పంచాయతుల విస్తరణ చట్టము, అనగా పెసా, గుర్తించినది. భూసేకరణకు ముందు సంప్రదింపు జరుపవలెననియు చెప్పినది. ఆ సంప్రదింపు జరుగునాడు గ్రామసభ అడుగవలసిన ప్రశ్నలు స్పష్టముగా నుండవలెను. మా బావులలో ఎన్నింటిని, ఏయే నెలలలో, ఎవరు పరీక్షించిరి? మీథేనును, బేరియమును, బ్రోమైడును చూచిరా? పాత బోరుల పట్టిక ఎచ్చట? వచ్చిన నీటిని ఎచ్చట నిలువచేసి, ఎట్లు శుద్ధి చేయుదురు? పని ముగిసి కంపెనీ వెడలిపోయిన ఐదేండ్లకు తిరిగి పరీక్ష చేయువా రెవరు, దాని ఖర్చు ఎవరిది? పరీక్ష చేయు ప్రయోగశాల కంపెనీకి గాక ప్రభుత్వమునకు జవాబుదారిగా నుండవలెను. ఖర్చు మాత్రము కంపెనీ భరింపవలెను. ఫలితపు ప్రతి తెలుగులోను, అవసరమైనచోట గోండీలో చదివి వినిపించుచు, గ్రామసభకు చేరవలెను. హైదరాబాదు కార్యాలయపు బీరువాలో నున్న నివేదిక బావి యజమానికి సాక్ష్యముగా ఉపకరింపదు.

ఇంధనము దేశమునకు అవసరమే. బొగ్గు నిచ్చిన ఈ నేల దక్షిణాది దీపములను దశాబ్దములుగా వెలిగించుచున్నది. నేలలోని వాయువును గూర్చి శాస్త్రజ్ఞులు అన్వేషించుటలో తప్పు లేదు. ఆ అన్వేషణకు వెచ్చించు ధనముతో పోల్చినచో బావుల ముందుపరీక్షకు అగు వ్యయము అత్యల్పము. 1940లో జోడేఘాటు కొండలలో ప్రాణములొడ్డిన కుమురం భీము పేర నిలిచిన జల్, జంగల్, జమీన్ అను మూడు మాటలలో జలమే మొదటిది. ఆయన పేర వెలసిన జిల్లాలో ప్రతి గ్రామపంచాయతి ఒక నీటిపుస్తకమును తెరచి, ప్రతి బావికి ఒక పుట కేటాయించి, లోతును, మట్టమును, పరీక్షించిన తేదీని, ఫలితమును వ్రాసి యుంచినచో, రేపు వాయువుబావి వచ్చినను రాకున్నను ఆ పుస్తకము పనికివచ్చును. ఈ వేసవి మే నెలలోనే మొదటి పుట వ్రాయవచ్చును; దానికి ఏ కంపెనీ రాకకై ఎదురుచూడనక్కరలేదు.